చిల్లిగవ్వ నుంచి చిల్లర పైసా దాకా: కలకత్తా చెప్పే కథ



“నా దగ్గర చిల్లిగవ్వ కూడా లేదు” అంటాం. జేబులో డబ్బు లేదని చెప్పడానికి గవ్వ ఎందుకు? అదీ చిల్లుపడ్డ గవ్వ ఎందుకు? బెంగాలీలో సరిగ్గా ఈ మాటే ఉంది. వాళ్ళు ‘కానాకొడి’ అంటారు. కానా అంటే గుడ్డి, కొడి అంటే గవ్వ. మన వాళ్ళూ ‘గుడ్డిగవ్వ చెయ్యదు’ అంటారు కదా. డబ్బు మొత్తాన్ని కలిపి చెప్పాలంటే బెంగాలీవాళ్ళు ఈనాటికీ ‘టాకాకొడి’ అంటారు, అంటే రూపాయీ గవ్వా. రెండు భాషలవాళ్ళు ఒకే పోలికను పట్టుకున్నారంటే, ఆ పోలిక వెనుక ఒకప్పుడు నిజమైన బజారు ఉండి ఉండాలి. ఈనాటి పాఠం ఆ బజారు గురించే.

చరిత్ర పుస్తకాల్లో నాణేలంటే బంగారు వరహాలు, వెండి రూపాయలు. మ్యూజియంలో అద్దాల వెనుక మెరిసేవీ అవే. ఉప్పూ మిరపకాయలూ కొన్నవి మాత్రం అవి కావు. చిల్లరనాణెం పేదవాడి నాణెం. దాన్ని ఎవరు తయారు చేస్తారు, దాని విలువ ఎవరు నిర్ణయిస్తారు, పెద్ద నాణెంతో మార్చుకునేటప్పుడు నష్టం ఎవరి మీద పడుతుంది? ఈ మూడు ప్రశ్నలూ పట్టుకుని వెళితే కలకత్తా నగరం ఒక గొప్ప పాఠశాలలా కనిపిస్తుంది. నగరం పేరు 2001లో కోల్‌కతాగా మారింది. మనం మాట్లాడుకునేది ఎక్కువగా పాతకాలం గురించి కాబట్టి ఈ ప్రసంగంలో చాలాచోట్ల కలకత్తా అనే అంటాను.

ముందు గవ్వ సంగతి. బెంగాల్లో చెలామణీ అయిన గవ్వ బెంగాల్ తీరంలో దొరికేది కాదు. హిందూ మహాసముద్రంలోని మాల్దీవుల నుంచి ఓడల మీద వచ్చేది. 14వ శతాబ్దంలో మాల్దీవుల్లో ఉన్న యాత్రికుడు ఇబ్న్ బతూతా, అక్కడివాళ్ళు బెంగాల్ వర్తకులకు గవ్వలిచ్చి బియ్యం తీసుకుంటారని రాశాడు. మాల్దీవుల్లో వరి పండదు. బెంగాల్‌కు చిల్లర కావాలి. ఒకరి తిండి మరొకరి డబ్బయింది. ఈ గవ్వకు కొన్ని మంచి గుణాలున్నాయి. తుప్పు పట్టదు, త్వరగా అరగదు, పరిమాణం దాదాపు ఒకేలా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, దొంగగవ్వను తయారు చేయడం ఎవరివల్లా కాదు. నకిలీ నాణేలతో విసిగిపోయిన రాజ్యాలు ఎన్నో ఉన్నాయి గాని, నకిలీ గవ్వలతో విసిగిపోయిన రాజ్యాన్ని మనం చూడం.

లెక్క ఇలా ఉండేది. నాలుగు గవ్వలు ఒక గండా. ఇరవై గండాలు ఒక పణం, అంటే 80 గవ్వలు. పదహారు పణాలు ఒక కాహన్, అంటే 1,280 గవ్వలు. మన పల్లెల్లోనూ కొన్నిచోట్ల నాలుగింటిని ఒక ‘పుంజీ’గా లెక్కపెట్టడం పెద్దవాళ్ళకు తెలుసు. భాస్కరాచార్యులు 1150 ప్రాంతంలో రాసిన లీలావతి గణితం తెరిస్తే, ఆరంభంలోనే ఇలాంటి పట్టిక ఉంటుంది: ఇరవై గవ్వలు ఒక కాకిణి, నాలుగు కాకిణులు ఒక పణం. అక్కడా పణానికి 80 గవ్వలే. బెంగాల్ పాఠశాలల్లో పిల్లలు ఎక్కాలతోపాటు గవ్వల లెక్కను, గండాల లెక్కను కూడా వల్లె వేసేవారు. ఇప్పుడు మీరు ఎక్కాల గురించి ఫిర్యాదు చేస్తారు గాని, ఆ పిల్లల సంగతి ఒక్కసారి ఆలోచించండి!

18వ శతాబ్దం చివరి భాగంలో ఈస్టిండియా కంపెనీ లెక్కల్లో నాలుగు కాహన్లు ఒక రూపాయి, అంటే 5,120 గవ్వలు. రాబర్ట్ లిండ్సే అనే ఆంగ్లేయ అధికారి 1778 ప్రాంతంలో సిల్హెట్ కలెక్టరుగా వెళ్ళాడు. సిల్హెట్ ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. అక్కడ ఏడాదికి వసూలయ్యే శిస్తు సుమారు రెండున్నర లక్షల రూపాయలు. అదంతా గవ్వల్లోనే వచ్చేది. కాగితం తీసుకుని గుణించి చూడండి, 128 కోట్ల గవ్వలు! ఒక్కో గవ్వ గ్రాము తూగుతుందనుకున్నా వెయ్యి టన్నుల పైమాటే. వాటిని దాచడానికి గిడ్డంగులు, ఢాకాకు చేరవేయడానికి పడవల బారు కావాల్సి వచ్చిందని, దారిలో అయ్యే నష్టం నూటికి పదికి తక్కువ కాదని లిండ్సే తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. ప్రభుత్వానికి ఇది తలనొప్పి. అందువల్ల గవ్వల చెలామణీని వెనుకబాటుతనానికి గుర్తుగా రాసిన ఆంగ్లేయులు చాలామంది ఉన్నారు. నేను దాన్ని అలా చూడను. ఎందుకో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను.

రూపాయికి 5,120 గవ్వలు. రూపాయికి 16 అణాలు, అణాకు నాలుగు పైసలు, అంటే రూపాయికి 64 పైసలు. 5,120ని 64తో భాగిస్తే 80 వస్తుంది. అంటే కంపెనీవారు తెచ్చిన రాగిపైసా ఒక్కటి 80 గవ్వలకు సమానం. ఇప్పుడు నెలకు రెండు రూపాయలు సంపాదించే కూలివాడిని ఊహించుకోండి. అతని రోజుకూలి పైసల్లో చూస్తే నాలుగు పైచిలుకు. గవ్వల్లో చూస్తే సుమారు 340. నాలుగు పైసలతో అతను ఎన్ని రకాల వస్తువులు కొనగలడు? మహా అయితే నాలుగు. ఉప్పుకు ఒక పైసా, నూనెకు ఒక పైసా, కూరకు ఒకటి, బియ్యానికి మిగిలింది ఒకటి! అదే 340 గవ్వలైతే పది గవ్వల ఉప్పు, ముప్ఫై గవ్వల కూర, ఐదు గవ్వల ఆకూ వక్కా కొని మిగిలిందంతా బియ్యానికి పెట్టవచ్చు. నాణెం ఎంత చిన్నదైతే పేదవాడికి అంత స్వేచ్ఛ. సంత జరగాలంటే ఆ సంతలోని అతి చిన్న కొనుగోలుకు సరిపడే నాణెం ఉండాలి. గవ్వ ఆ పని చేసింది. రాగిపైసా వచ్చిన తర్వాత కూడా బెంగాల్ పల్లెల్లో గవ్వ ఎన్నో దశాబ్దాలు నిలిచి ఉండడానికి కారణం జనం అజ్ఞానం కాదు, ఈ లెక్కే.

అయితే గవ్వల్లోనూ ఒక మెలిక ఉంది. మార్చేవాడు కావాలి. ఆ పని చేసేవారిని బెంగాల్లో పొద్దార్లు అనేవారు. పొద్దున సంతకు వెళ్ళేవాడు రూపాయి ఇస్తే పొద్దారు కొంచెం తక్కువ గవ్వలిస్తాడు. సాయంత్రం అమ్మకందారు గవ్వలు తెచ్చి రూపాయి అడిగితే కొంచెం ఎక్కువ గవ్వలు తీసుకుంటాడు. ఆ తేడాయే అతని బతుకు. ఈ తేడాను మన వాళ్ళు ‘వట్టం’ అనేవారు. పెద్దనాణేనికీ చిన్ననాణేనికీ మధ్య ఉన్న ఆ సందులోనే చిల్లర చరిత్ర అంతా నడుస్తుంది.

ఇది ఒక్క బెంగాల్ కథే అనుకోకండి. ఇదే తలనొప్పి మధ్యయుగాల చివర ఇటలీలోనూ ఉంది. అప్పటి ఇటలీ ఒక దేశం కాదు. మిలాన్‌ను విస్కోంతీ వంశం, తర్వాత 1450 నుంచి స్ఫోర్జా వంశం ఏలాయి. ఫ్లోరెన్స్ గణతంత్రం. ఒక్కో ఊరికి ఒక్కో టంకశాల. అక్కడ 12 దెనారోలు ఒక సోల్దో, 20 సోల్దోలు ఒక లీరా. టంకశాలలో పనివాడు ఒక్కో నాణేన్నీ సుత్తితో కొట్టి ముద్ర వేయాలి. పన్నెండు దెనారోల విలువగల వెండినాణెం ఒక్క దెబ్బతో తయారవుతుంది. అదే విలువకు దెనారోలు కావాలంటే పన్నెండు దెబ్బలు కొట్టాలి. కూలి పన్నెండు రెట్లు, విలువ మాత్రం అంతే. అందువల్ల ఏ ప్రభువూ చిల్లర కొట్టించడానికి ఇష్టపడడు. కొట్టిస్తే ఖర్చు రాబట్టుకోవడానికి వెండి తగ్గించి రాగి కలుపుతాడు. నాణెం కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. ఆ చిల్లరను అక్కడ ‘నల్లడబ్బు’ అనే పిలిచారు. మన పత్రికల్లో రాసే నల్లధనానికీ దీనికీ సంబంధం లేదు, ఇది పాపం నిజంగానే నల్లగా ఉండేది.

ఫ్లోరెన్స్‌లో వర్తకులు తమ సరుకును 1252లో మొదలైన బంగారు ఫ్లోరిన్లలో అమ్ముకునేవారు. ఉన్ని పరిశ్రమలో కూలివాళ్ళకు మాత్రం చిల్లరలో కూలి ఇచ్చేవారు. చిల్లరలో వెండి తగ్గినకొద్దీ ఫ్లోరిన్‌కు ఎక్కువ చిల్లర వస్తుంది. యజమానికి లాభం, కూలివాడికి నష్టం. 1378లో అక్కడి ఉన్నికూలీలు తిరగబడ్డారు. చియోంపీ తిరుగుబాటు అంటారు దాన్ని. ఆ అసంతృప్తి వెనుక ఉన్న కారణాల్లో చిల్లర విలువ పడిపోవడం కూడా ఒకటని చరిత్రకారులు చెబుతారు. కార్లో చిపోల్లా అనే ఇటలీ ఆర్థిక చరిత్రకారుడు 20వ శతాబ్దంలో ఈ సమస్యకు ‘చిన్న చిల్లర తెచ్చే పెద్ద సమస్య’ అని పేరు పెట్టాడు.

ఇప్పుడు కలకత్తాకు తిరిగి వద్దాం. 1757 ఫిబ్రవరిలో నవాబు సిరాజుద్దౌలాతో జరిగిన ఒప్పందంలో కంపెనీకి కలకత్తాలో టంకశాల పెట్టుకునే హక్కు దొరికింది. తొలి చూపు అంతా రూపాయల మీదే. రాగి చిల్లర కోసం 1780లో జాన్ ప్రిన్సెప్ అనే వ్యాపారికి గుత్త ఇచ్చారు. ఆయన కలకత్తాకు దగ్గరలో షా ఆలం చక్రవర్తి పేరిట రాగినాణేలు కొట్టించాడు. నాలుగేళ్ళలోనే, 1784లో, ఆ ఏర్పాటు ముగిసింది. ఈ జాన్ ప్రిన్సెప్ కొడుకు పేరు మీకు తప్పకుండా తెలిసి ఉండాలి. అతనే జేమ్స్ ప్రిన్సెప్, అశోకుని బ్రాహ్మీలిపిని 1837లో చదివినవాడు. జేమ్స్ ఉద్యోగం ఏమిటి? కలకత్తా టంకశాలలో లోహపరీక్షాధికారి! పాత నాణేల మీద అక్షరాలను చూసీ చూసీ లిపుల మీద ఆసక్తి పెంచుకున్న మనిషి.

19వ శతాబ్దం తొలినాళ్ళలో కలకత్తాలో వేసిన రాగినాణేల మీద ‘ఏక్ పాయి సిక్కా’ అని బెంగాలీ, పారసీ, నాగరి అనే మూడు లిపుల్లో ఉంటుంది. ఎవరు చదవాలో అంతా చదవగలిగేలా. మద్రాసు వైపు ఇదే కాలంలో కంపెనీ వేసిన కొన్ని వెండి నాణేల మీద విలువ తెలుగులోనూ తమిళంలోనూ కూడా ఉంది. అంతకుముందే, 1794లో, మన ఉత్తర సర్కారుల కోసం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర బోల్టన్ సోహో టంకశాలలో ఆవిరియంత్రాలతో రాగినాణేలు కొట్టించారు. రూపాయికి 48 అని వాటి మీదే రాసి ఉంటుంది. మన వాళ్ళకు రాగినాణెం అంటే ‘డబ్బు’. అదొక నాణెం పేరు! ఆ చిల్లరనాణెం పేరే పోయి పోయి తెలుగులో మొత్తం ధనానికి పేరయింది. కోట్లు ఉన్నవాణ్ణి కూడా ‘డబ్బున్నవాడు’ అంటున్నామంటే, పాత లెక్కలో అతని దగ్గర ఒక రాగిబిళ్ళ ఉందని చెబుతున్నామన్నమాట.

సోహో నాణేలకు మరో కథ ఉంది. 1809 జనవరిలో మద్రాసుకు బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ ఇంగ్లండు తీరం దాటకముందే ఇసుకమేటల్లో చిక్కి మునిగిపోయింది. అందులో 1808 నాటి పది, ఇరవై కాసుల రాగినాణేలు టన్నులకొద్దీ ఉన్నాయి. 1980లలో వాటిని సముద్రంలోంచి పైకి తీశారు. కొత్తగా మెరుస్తున్న ఆ కాసులు ఇప్పుడు ప్రపంచమంతటా నాణేల సేకర్తల దగ్గర ఉన్నాయి. మన సంతల్లో అరగాల్సిన చిల్లర అది.

యంత్రం వచ్చాక చిల్లర ఖర్చు సంగతి మారింది. పన్నెండు దెబ్బలు కొట్టడానికి పన్నెండు రెట్ల కూలి అక్కర్లేదు. కలకత్తా స్ట్రాండ్ రోడ్డులో హుగ్లీనది దగ్గర గ్రీకు ఆలయంలాంటి స్తంభాలతో ఒక పెద్ద భవనం ఇప్పటికీ ఉంది. 1824లో పునాది వేసి 1829లో తెరిచిన టంకశాల అది. ఏథెన్సులోని మినర్వా ఆలయం ముఖభాగాన్ని సగం పరిమాణంలో కట్టారు. రాగినాణేల కోసం దాని పక్కనే 1860లలో మరో విభాగం చేర్చారు. వెండికి గుడి కట్టి, రాగికి పక్కన షెడ్డు వేసినట్టయింది. 1835లో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చింది. అదే ఏడాది మరో చట్టం రాగి అణాభాగాలను నిర్ణయించింది. రాగినాణేలను రూపాయికి లోపలి చిల్లర కింద మాత్రమే తీసుకోవాలని నియమం పెట్టింది. అంటే రాగిలో ఎంత లోహం ఉందన్నది ఇక ముఖ్యం కాదు. అరవై నాలుగు పైసలకు ఒక రూపాయి అని ప్రభుత్వం మాట ఇస్తోంది. ఇటలీ ప్రభువులకు కుదరని పరిష్కారం ఇదే: లోహాన్ని కాక మాటను నమ్మే చిల్లర.

మరి గవ్వ ఏమైంది? ఇక్కడే కథ చేదుగా మారుతుంది. 1803లో కంపెనీ ఒరిస్సాను ఆక్రమించింది. అక్కడా జనం చేతిలో ఉన్నది గవ్వలే. కంపెనీకి శిస్తు వెండిలో కావాలి. రూపాయికి నాలుగు కాహన్లు అన్నది పాత లెక్క. అందరూ ఒకేసారి గవ్వలమ్మి రూపాయలు కొనాల్సి వచ్చేసరికి బజారులో రూపాయి ధర ఆరేడు కాహన్లకు పోయింది. రైతు పండించిన ధాన్యం తగ్గలేదు, శిస్తు అంకె మారలేదు. కానీ శిస్తుకోసం అమ్మాల్సిన గవ్వలు ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగాయి. దీనికి తోడు పైకుల భూములు పోయాయి, ఉప్పు ధర పెరిగింది. 1817లో ఖుర్దాలో బక్షీ జగబంధు నాయకత్వాన పైకులు తిరగబడ్డారు. తర్వాత విచారణ చేసిన కంపెనీ అధికారి వాల్టర్ ఈవర్ కూడా తన నివేదికలో కారణాల్లో గవ్వల సంగతిని చేర్చాడు. మన గంజాం సరిహద్దుకు అవతల జరిగిన సంఘటన ఇది. ఫ్లోరెన్స్ కూలీలకూ ఖుర్దా రైతులకూ మధ్య నాలుగున్నర శతాబ్దాలు, వేల మైళ్ళు. వాళ్ళను దెబ్బతీసింది మాత్రం ఒకే సందు. విలువ నిర్ణయించేవాడి చేతిలో పెద్దనాణెం, నష్టపోయేవాడి చేతిలో చిన్నది.

ఆ తర్వాత గవ్వ మెల్లగా అష్టాచెమ్మా బల్ల మీదికి చేరింది. పైసా, కాణీ, దమ్మిడీ, బేడ మిగిలాయి. రెండో ప్రపంచయుద్ధంలో రాగికి కరువొచ్చి 1943లో మధ్యలో పెద్ద రంధ్రంతో పైసా వేశారు. మన వాళ్ళు దాన్ని ‘చిల్లుకాణీ’ అన్నారు. చిల్లిగవ్వ చెల్లదు, చిల్లుకాణీ చెల్లింది!

ఒక పైసా ఎంత బరువైనదో కలకత్తా 1953లో చూపించింది. ట్రాములు నడిపే బ్రిటిష్ కంపెనీ జూలై నుంచి రెండో తరగతి టికెట్టు మీద ఒక పైసా పెంచింది. రూపాయిలో అరవై నాలుగో వంతు. నగరం లేచింది. ప్రయాణికులు పాత చార్జీయే ఇస్తామన్నారు. హర్తాళ్ళు, లాఠీలు, అరెస్టులు. చివరికి పెంపు అమలు ఆగిపోయింది. బెంగాల్లో దాన్ని ‘ఒక పైసా పోరాటం’గానే గుర్తుపెట్టుకున్నారు. పైసాకోసం ఇంత గొడవా అని విసుక్కున్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. కానీ రోజుకు రెండుసార్లు ట్రామెక్కే గుమాస్తాకు అది నెలకు దాదాపు ఒక రూపాయి. లెక్క మీరే వేసి చూడండి.

1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చింది. రూపాయికి వంద నయాపైసలు. పాతపైసా విలువ కొత్త లెక్కలో ఒకటిన్నర పైచిలుకు. అర నాణెం లేదు కనుక దాన్ని రెండుగా సర్దారు. ఒక పాతపైసా వస్తువును నాలుగుసార్లు విడివిడిగా కొన్నవాడు ఎనిమిది నయాపైసలు ఇచ్చాడు. అణా పెట్టి ఒకేసారి కొన్నవాడు ఆరే ఇచ్చాడు. విడివిడిగా కొనేది ఎవరో మీకు తెలుసు.

ఇటీవలి సంగతి ఒకటి. 2007లో కోల్‌కతాలోనూ ఈశాన్యంలోనూ చిల్లరకు విపరీతమైన కరువు వచ్చింది. నాణేలు సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌కు పోయి, కరిగి, గడ్డం గీసుకునే బ్లేడ్లుగా మారుతున్నాయని పత్రికలు రాశాయి. అస్సాం తేయాకు తోటల్లో నాణేలకు బదులు అట్టముక్కల చీటీలు నడిచాయి. ముద్ర మీది విలువకన్నా లోహం ఖరీదైనప్పుడు నాణెం నిలవదు. ఇది మిలాన్ టంకశాలల వాళ్ళకు కూడా తెలిసిన విషయమే. కేంద్ర ప్రభుత్వం 2011 జూన్ 30తో పావలా, దానికి లోపలి నాణేల చెలామణీని ఆపేసింది. అర్ధరూపాయి నాణెం చట్టప్రకారం ఈనాటికీ చెల్లుతుంది. కోల్‌కతాలో చేపలబజారులోనైనా, విజయవాడలో రైతుబజారులోనైనా రెండు అర్ధరూపాయలు ఇచ్చి, కూరలవాడు ఏమంటాడో విని రండి.